మందారకు పోసిన మందు కల్యమాకుకు ఎక్కదా?

పోయిన ఎండాకాలం మా ఇంటి ముందటి మందార చెట్టుకు పిండినల్లి పట్టింది. కొమ్మల చివర్లు ముడుచుకుపోయినయ్. మొగ్గలు విచ్చుకోకముందే రాలినయ్. ఆకుల మీద జిగట, ఆ జిగట మీద నల్లటి మసి, దాని వెంట చీమల బారు. అమ్మ రోజూ పొద్దున పూజకు పూలు తెంపేటప్పుడు చూసి, "ఏందిరా ఇది, చెట్టుకు సున్నం కొట్టినట్టున్నది. ఏమన్న చెయ్యవా?" అని పోరు పెట్టింది.

ఎరువుల దుకాణానికి పోయిన. సంగతి చెప్పంగనే దుకాణాయన ఒక చిన్న బుడ్డి చేతుల పెట్టిండు. "ఒక మూతెడు నీళ్లల్ల కలిపి మొదట్ల పోయుండ్రి సార్. కొట్టే పని లేదు, వాసన రాదు. పదిహేను రోజుల్ల సాఫ్ అయితది" అన్నడు. పోసిన. నిజంగనే సాఫ్ అయింది. కొత్త చిగుర్లు వచ్చినయ్, మొగ్గలు నిలిచినయ్. దుకాణాయన మాట అబద్ధం కాలేదు. కానీ ఆయన చెప్పని మాట ఒకటుంది. నేను అడగని మాట కూడా అదే.

మందు పోసిన నాలుగో రోజు అమ్మ చారుల వెయ్యనీకి కల్యమాకు తెంపుతున్నది. మా కల్యమాకు చెట్టు మందారకు రెండడుగుల దూరంల, అదే మట్టిల ఉన్నది. వేర్లు రెండూ ఒకదాంట్ల ఒకటి కలిసిపోయే ఉంటయ్. పోసిన నీళ్లు ఈ చెట్టుకు, ఆ చెట్టుకు అని చూసి పోవు కదా! ఉరికిపోయి అమ్మ చెయ్యి పట్టుకున్న. "కడిగి వేస్త కదరా" అన్నది. కడిగితే పోయే మందు కాదమ్మా అని చెప్పాల్సి వచ్చింది. ఈ వ్యాసం అంతా ఆ ఒక్క మాట గురించే.

పత్తి చేన్ల బొట్టు పెట్టుడు

నాకు ఇది తెల్వక కాదు. మాది వరంగల్ దిక్కు పత్తి రైతు కుటుంబం. చిన్నప్పుడు నాయిన పత్తి చెట్లకు బొట్టు పెట్టేది. కట్టె చివర గుడ్డనో, బ్రష్షునో కట్టి, మందు నీళ్లల్ల ముంచి, లేత మొక్క కాండానికి ఒక దిక్కు పూసుకుంట పోవాలె. మోనోక్రోటోఫాస్ అయితే ఒక పాలు మందుకు నాలుగు పాళ్ల నీళ్లు, ఇమిడాక్లోప్రిడ్ అయితే ఒక పాలుకు ఇరవై పాళ్లు. ఆకు మీద చుక్క పడది. అయినా ఆకుల కింద రసం పీల్చే పచ్చదోమ, పేనుబంక చచ్చిపోయేటివి. కాండానికి పూస్తే ఆకు కింద పురుగు ఎట్ల సచ్చిందని నాకు అప్పుడు ఆశ్చర్యం.

దీన్నే అంతర్వాహిక మందు అంటరు. అంటే చెట్టు లోపల పారే మందు. మామూలు స్పర్శ మందు ఆకు మీద పడి, దాన్ని తాకిన పురుగును చంపుతది. వాన పడితే, ఎండ కొడితే కొంత పోతది. అంతర్వాహిక మందు అట్ల కాదు. నీళ్లల్ల కరిగి వేర్ల నుంచో, కాండం నుంచో, ఆకు నుంచో లోపలికి పోతది. వేర్లు గుంజిన నీళ్లను పైకి మోసే సన్నటి గొట్టాలు చెట్టు నిండ ఉంటయ్. ఆ గొట్టాలల్ల నీళ్లతో పాటు మందు కూడా చివరి చిగురు దాకా ఎక్కుతది. అప్పుడు చెట్టు రసమే మందు. రసం పీల్చిన పురుగు సస్తది.

మనం పూలచెట్లకు, నీడ చెట్లకు వాడే వాటిల్ల ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్, ఎసిటామిప్రిడ్ ఎక్కువ. వీటిని నియోనికోటినాయిడ్లు అంటరు. పేర్లనే నికోటిన్ ఉన్నది. మన పెద్దలు పొగాకు కషాయం కొట్టి పేనుబంకను చంపేటోళ్లు కదా, పురుగు నరాల మీద ఆ పొగాకు విషం పని చేసే తావులనే ఇవీ పని చేస్తయ్. డైమిథోయేట్ లాంటి పాత ఆర్గానోఫాస్ఫేట్ మందులు కూడా లోపల పారేటివే. అవి మనిషికి ఇంకా గట్టిగ తగులుతయ్.

రసం ఎక్కడికి పోతే మందు అక్కడికి

అసలు చిక్కు ఇక్కడనే ఉంది. చెట్టు రసం ఆకుకే పోదు. పువ్వుకు పోతది, పుప్పొడికి పోతది, మకరందానికి పోతది. కాయ ఉంటే కాయకు పోతది. చెడ్డ పురుగు, మంచి పురుగు అనే తేడా చెట్టుకు తెల్వది. తేనెటీగను చంపనీకి కావాల్సిన ఇమిడాక్లోప్రిడ్ నానోగ్రాముల లెక్కల ఉంటది. గ్రామును వంద కోట్ల ముక్కలు చేస్తే, అండ్ల కొన్నో, కొన్ని పదులో ముక్కలన్నమాట. అంతకన్న తక్కువ తాగిన ఈగ వెంటనే చావకపోయినా దారి తప్పుతది, గూటికి రాలేదు.

ఇంకొకటి, ఎన్ని రోజులు ఉంటదనేది. ఆకు మీద కొట్టింది కొన్ని వారాలు పని చేస్తది. మట్టిల పోసింది గట్టి కాండం చెట్లల్ల నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి కూడా ఉంటది. దుకాణంల దీన్ని గొప్పగా చెప్తరు, "ఒక్కసారి పోస్తే ఏడాది చూడక్కరలేదు" అని. అదే మాటను తిప్పి చదువుండ్రి: ఒక్కసారి తప్పు చేస్తే ఏడాది దిద్దుకోలేం.

అమెరికాల ఒక పార్కింగ్ జాగ

2013 జూన్‌ల అమెరికాల ఒరెగన్ రాష్ట్రం, విల్సన్‌విల్ అనే ఊళ్లె ఒక దుకాణం పార్కింగ్ జాగల జరిగిన సంగతి ఇది. అక్కడ నీడ కోసం పెంచిన లిండెన్ చెట్లకు పేనుబంక పట్టింది. పేనుబంక కార్చే జిగట కింద ఆపిన కార్ల మీద పడుతున్నదని చెట్లకు డైనోటెఫ్యూరాన్ అనే అంతర్వాహిక మందు కొట్టిన్రు. చెట్లు అప్పుడు నిండ పూత మీద ఉన్నయ్. పూతల ఉన్నప్పుడు కొట్టొద్దని డబ్బా మీదనే రాసి ఉంది. 50 వేలకు పైగా బంబుల్ తేనెటీగలు చచ్చి ఆ పార్కింగ్ జాగల రాలిపోయినయ్. కొత్త ఈగలు రాకుండ చివరికి చెట్లకు వలలు కప్పాల్సి వచ్చింది. తర్వాత ఆ రాష్ట్రం లిండెన్ చెట్లకు డైనోటెఫ్యూరాన్‌తో పాటు ఇమిడాక్లోప్రిడ్ లాంటివి వాడొద్దని నిషేధం పెట్టింది. యూరోపియన్ యూనియన్ అయితే 2018ల ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామిథాక్సామ్‌లను ఆరుబయట వాడకుండ ఆపింది. శాశ్వత గ్రీన్‌హౌసుల లోపల మాత్రమే వదిలింది.

అది పంట కాదు. ఆకలి తీర్చే పని కాదు. కార్ల మీద జిగట పడుతున్నదని చేసిన పని! మన కాలనీలల్ల కానుగ చెట్టు కింద, తురాయి చెట్టు కింద కార్లు ఆపుకుని, "ఈ చెట్టుకేమన్న కొట్టియ్యరాదా" అనేటోళ్లు లేరా? కానుగ పూత మీద ఉన్నప్పుడు ఒకసారి కింద నిలబడి వినుండ్రి. చెట్టంతా జుమ్మని తేనెటీగల మోతనే.

అన్ని పురుగులకు ఇదే మందు కాదు

అంతర్వాహిక మందు రసం పీల్చే పురుగుల మీద బాగ పని చేస్తది. పేనుబంక, తెల్లదోమ, పచ్చదోమ, పిండినల్లి, మెత్తటి పొలుసు పురుగు ఈ జాతి. ఆకులు కొరికి తినే గొంగళి పురుగుల మీద ఇమిడాక్లోప్రిడ్ సరిగ్గ పని చెయ్యది. గులాబీకి, మందారకు పట్టే ఎర్రనల్లి మీద అసలే చెయ్యది. ఎర్రనల్లి సాలీడు చుట్టం, పురుగు కాదు. పైగా ఈ మందు వాడితే అది ఇంకా పెరుగుతది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌ల ఒక రకం పెంకు పురుగును ఆపనీకి ఎల్మ్ చెట్లకు ఇమిడాక్లోప్రిడ్ ఇస్తే, తర్వాత ఆ చెట్ల మీద ఎర్రనల్లి విపరీతంగ లేచిందని 2011ల శాస్త్రవేత్తలు రాసిన్రు. అందుకే ముందుగాల పురుగు పేరు తెల్సుకోవాలె. ఆకు తెంపి, కింది దిక్కు చూసి, ఫోన్ల ఫొటో తీసి, వ్యవసాయ విస్తరణ అధికారికో, దగ్గర్ల ఉన్న కృషి విజ్ఞాన కేంద్రానికో చూపిస్తే చెప్తరు.

మా మందారకు పట్టిన పిండినల్లి సంగతి ఇంకా తమాషా. 2008ల కోయంబత్తూర్ దిక్కు బొప్పాయి పిండినల్లి అనే పరాయి పురుగు కనిపించింది. బొప్పాయి, మల్బరీ, మందార దేన్నీ విడిచిపెట్టలే. రైతులు మందుల మీద మందులు కొట్టిన్రు, ఆగలే. 2010ల ప్యూర్టోరికో నుంచి ఎసెరోఫేగస్ పపాయే అనే నలుసంత కందిరీగను తెచ్చి విడిచిన్రు. అది పిండినల్లి లోపల గుడ్డు పెడ్తది, పిల్ల దాన్ని లోపలి నుంచి తింటది. దాంతోని ఆ పురుగు అదుపుకొచ్చింది. మనం మందు పోస్తే పిండినల్లితో పాటు ఇసుంటి మిత్రులు కూడా పోతయ్. తర్వాత వచ్చిన పిండినల్లికి అడ్డు ఉండది.

కాబట్టి ఇంటి చెట్టుకు ముందుగాల చెయ్యాల్సినవి ఇవి. బాగ పట్టిన కొమ్మలు కోసి, కవర్ల గట్టిగ మూటగట్టి చెత్తల వెయ్యాలె. పైపుతో గట్టిగ నీళ్లు కొట్టి పిండిని రాల్చాలె. రెండు మూడు రోజులకొకసారి చేస్తే సగం అక్కడనే పోతది. చీమలను ఆపాలె. జిగట కోసం పిండినల్లిని కాపాడేటివి అవే. మిగిలినదానికి లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేప నూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు కింది దిక్కు తడిసేటట్టు కొట్టాలె. వారానికొకసారి, మూడు నాలుగు వారాలు. నేను ఇవేవీ చెయ్యలే. ఒక్క మూతెడుతో అయిపోవాలె అనుకున్న.

తప్పదంటే ఎట్ల వాడాలె

పెద్ద చెట్టు ఎండిపోయే దాకా వచ్చినప్పుడు, వేరేవి పని చెయ్యనప్పుడు మందు వాడాల్సి రావచ్చు. తప్పు కాదు. కానీ బుడ్డి మూత తియ్యకముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలె. ఈ చెట్టుది ఎవరన్న ఏమన్న తింటరా? దీని వేర్లున్న మట్టిల తినే చెట్టు ఇంకొకటుందా? ఇప్పుడు పూత మీద ఉన్నదా, తొందర్ల పూతకొస్తదా? మూడింట్ల ఒక్కదానికి "అవును" అన్నా, అంతర్వాహిక మందు వద్దు.

తినుడంటే కూర వండుడే కాదు. మందార ఆకు నూరి తలకు పెట్టుకుంటం. పువ్వు నూనెల కాస్తం. గులాబీ రేకులతో గుల్కంద్ చేస్తం. తులసి ఆకు తీర్థంల వేస్తం. మన ఇండ్లల్ల అలంకారానికే ఉన్న చెట్టు అనేది తక్కువ.

డబ్బా మీద వజ్రం ఆకారంల ఒక గుర్తు ఉంటది. దాని కింది సగంల రంగు చూడాలె. ఎరుపు అన్నిటికన్న ఎక్కువ విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఎరుపు ఉన్నది ఇంటి గడప దాటనియ్యొద్దు. కుండీలల్ల గుళికలు వేసుడు కొందరికి అలవాటు. ఫోరేట్ గుళికలను 2020 డిసెంబర్ 31 నుంచి మన దేశంల నిషేధించిన్రు. ఎక్కడన్న పాత డబ్బా ఇస్తే తీసుకోవద్దు. కార్బోఫ్యూరాన్ గుళికలను పిట్టలు గింజలనుకుని తిని సస్తయ్.

మోతాదు సంగతికొస్తే నా తప్పే చెప్త. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్‌ను ఆకు మీద కొట్టనీకి మన దగ్గర మామూలుగ చెప్పే లెక్క లీటరు నీళ్లకు 0.3 మిల్లీలీటర్లు. మూతెడు అంటే దగ్గర దగ్గర ఐదు మిల్లీలీటర్లు. లీటరు నీళ్లల్ల అది కలిపితే పదహారు రెట్లకు పైనే! నేను కలిపింది అట్లనే. ఎక్కువ పోస్తే ఎక్కువ పని చెయ్యది, ఎక్కువ రోజులు మట్టిల ఉంటది, అంతే. మందుల షాపుల దొరికే సూది లేని సిరంజి ఒకటి దీనికే వేరుగ పెట్టుకోవాలె. ఐదు లీటర్ల నీళ్లకు ఒకటిన్నర మిల్లీలీటరు, అంతకు మించొద్దు. ఇంకొక సంగతి, ఆ బుడ్డి మీది కాయితం ఇప్పి చదివితే ఎక్కువగ పత్తి, వరి, మిర్చి, మామిడి లాంటి పంటల మీద పిచికారీ గురించే ఉన్నది. పూలచెట్టు మొదట్ల పొయ్యమని ఎక్కడా లేదు. దుకాణాయన నోటి మాట ఒకటి, కాయితం మీది మాట ఒకటి. కాయితం మాటే చెల్లుతది. మొదట్ల పోసే పద్ధతి కాయితం మీద లేకుంటే పొయ్యొద్దు.

మొదట్ల పోసే పద్ధతి రాసి ఉన్న మందైతే, ముందటి రోజు చెట్టుకు నీళ్లు పెట్టి మట్టి తడిగ ఉంచాలె. ఎండిన మట్టి బీటలల్ల నుంచి మందు వేరుకు అందకుండ కిందికి జారుతది. మొదట్ల కప్పిన ఆకులు, చెత్త పక్కకు జరపాలె. పోసినంక పారేటట్టు నీళ్లు పెట్టొద్దు. బాయి, బోరు, చేపల తొట్టి, మోరీ దగ్గర ఉంటే పొయ్యనే వద్దు. ఈ మందులు నీళ్లల్ల కరిగేటివి, భూమి లోపలికి దిగుతయ్. ఇసుక నేలల్ల ఇంకా తొందరగ.

ఆకు మీద కొట్టేదుంటే పూలు అయిపోయినంక, గాలి లేని సాయంత్రం, తేనెటీగలు గూటికి పోయినంక కొట్టాలె. కింద పూసిన గడ్డి పూలు కూడా చూసుకోవాలె. నిండు చేతుల అంగీ, రబ్బరు తొడుగులు, మూతికి మాస్కు, కండ్లకు అద్దాలు ఉండాలె. వంటింటి చెంబు, స్నానం మగ్గు ముట్టొద్దు. అయినంక బట్టలు వేరుగ ఉతికి, స్నానం చేసి, అప్పుడే చాయ్ తాగాలె. ఆకు ఆరేదాకా పిల్లలు, కుక్కలు, పిల్లులు అటు పోవద్దు. ప్రతి ఏడాది అదే మందు వాడొద్దు. తెల్లదోమ, పేనుబంక అలవాటు పడి మొండికేస్తయ్.

మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాల పోసి పెట్టుడు అంత పాపం ఇంకొకటి లేదు. ఖాళీ డబ్బా కూడా ఇంట్ల ఉంచొద్దు. 2013 జులైల బీహార్‌ల ఛప్రా దగ్గరి ఒక బడిల మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చచ్చిపోయిన్రు. వంట నూనెల మోనోక్రోటోఫాస్ కలిసింది. ఆ విషం ముందుగాల ఉన్న డబ్బాలనే నూనె పోసిన్రని విచారణల తేలింది. డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు మందు నీళ్లల్లనే కలిపి, అడుగుకు పొక్కలు పొడిచి, ఎవరూ వాడకుండ చెయ్యాలె. ఎవరన్న పొరపాటున మింగితే వాంతి చేయించొద్దు. 108కి ఫోన్ చేసి, బుడ్డిని కాయితంతో సహా దవాఖానకు పట్టుకపోవాలె. ఏ మందు అని తెలిస్తేనే డాక్టర్ ఏం చెయ్యాలో తేల్చుకుంటడు. ఆర్గానోఫాస్ఫేట్‌కు అట్రోపిన్ ఉన్నది. ఇమిడాక్లోప్రిడ్‌కు ప్రత్యేకమైన విరుగుడు లేదు.

తోటమాలి చేతులు

ఇంటి సంగతి ఇది. అపార్ట్‌మెంట్లల్ల, పార్కులల్ల మందు కొట్టేది మనం కాదు, తోటమాలి. పొద్దున పది గంటలకు పిల్లలు ఆడుకుంటుంటే, వట్టి చేతులతో, మూతికి తువ్వాల కట్టుకుని కొడుతుంటడు. ఏ మందో ఆయనకు తెల్వది, కొనిచ్చిన కమిటీకి తెల్వది. ఆయనకు తొడుగులు, మాస్కు కొనిచ్చేది ఖర్చు కాదు, బాధ్యత. ఏ చెట్టుకు, ఏ మందు, ఏ తారీకు కొట్టిన్రో గేటు దగ్గర బోర్డు మీద రాయాలె. అడిగే హక్కు అక్కడుండే ప్రతి ఒక్కరికీ ఉంది.

నా కథ అక్కడితో అయిపోలే. మా మందార కొమ్మలు గోడ అవతలికి వాలుతయ్. తెల్లారంగనే ఆ గల్లీ ఆడోళ్లు పూజకని పూలు తెంపుకపోతరు. పక్కింటి వదిన ఆ ఆకు నూరి ఇద్దరు బిడ్డల తలలకు పెడ్తది. ఇల్లిల్లూ తిరిగి, "ఈ ఏడాది మా చెట్టు పువ్వు, ఆకు వాడకుండ్రి, మందు పోసిన" అని చెప్పిన. సిగ్గయింది. ఒకరిద్దరు నవ్విన్రు. వదిన మాత్రం, "ముందుగాల చెప్తే పైపు పట్టుకుని నేనే కడిగేదాన్ని కదా తమ్మీ" అన్నది.

నాయినకు ఫోన్ చేసి చెప్పిన. "పత్తిని మనం తినం బిడ్డా. అందుకే బొట్టు పెట్టినం. నువ్వు పోసింది వంటింటి పక్కన" అన్నడు.

కల్యమాకుల ఎంత మందు ఎక్కిందో కొలిచే సాధనం మన ఇండ్లల్ల ఉండది. తెల్వనప్పుడు తినకుండ ఉండుడే లెక్క. ఆ చెట్టు ఆకు ముట్టకుండ ఇప్పటికీ దాని కొమ్మకు ఎర్ర గుడ్డ కట్టి ఉంచినం. చారులకు కల్యమాకు అమ్మ మార్కెట్ల కొంటున్నది. ఇంకో మొక్క కొత్త మట్టిల, కుండీల పెట్టి డాబా మీద పెంచుతున్నం. దానికి మొన్న పేనుబంక పట్టింది. నేను దుకాణానికి పోలే. పైపు పట్టుకున్న.